గుంత దగ్గరి పచ్చ బటన్

పాత ప్యానెల్ తలుపు ఊడదీసేటప్పుడు లేవి ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. పై మడతబందులో మేకు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దాని మీద రెండు చుక్కల నూనె వేసి, స్క్రూడ్రైవర్ పిడితో నెమ్మదిగా తట్టాడు. పద్దెనిమిదేళ్ల కిందట ఆ మేకు దిగ్గొట్టింది తనే. తలుపు విడిపడి బరువంతా చేతుల మీదికి రాగానే, దాన్ని మోసుకుపోయి గోడకు ఆనించాడు. లోపలివైపు గోడకు ఉండేట్టు పెట్టాడు. తలుపు లోపల అతను గీసిన వైర్ల బొమ్మ అతికించి ఉంది. పసుపుపచ్చబడి అంచులు చిట్లిన ఆ కాగితం కింద ఎర్ర పెన్నుతో 'లేవి' అని ఉంది.

"అట్ల కాదు మామా, ఇటు తిప్పు. ఫోటో తీసుకుంటా," అంది హర్షిణి.

"పాతదానితో పనేముందిప్పుడు?"

"ఏ మోటారు ముందు, ఏది ఎనక అనేది దాంట్లోనే కదా ఉండాది."

అతను తిప్పాడు. ఆమె ముందు కాగితం మొత్తాన్ని, తర్వాత దగ్గరకు వంగి మధ్యలో ఒక చోటును ఫోటో తీసింది. ఆ చోటు ఏదో అతను చూడలేదు.

మైదుకూరు దాటాక కడప రోడ్డు పక్కనున్న ఆ శెనక్కాయల మిల్లులో లేవి ఎలక్ట్రీషియన్. గోడ సగం ఆక్రమించిన బటన్లనూ లైట్లనూ తీసేసి, పలక అంత తెర మీద వేలితో తాకి మిల్లు మొత్తం నడిపే కొత్త ప్యానెల్ పెట్టాలని యజమాని సుబ్బయ్య నిర్ణయించాడు. ఓర్వకల్లు దగ్గరి కంపెనీ ఒకటి ప్యానెల్ తయారుచేసి, దానితోపాటు మనిషినీ పంపింది. వచ్చిన మనిషి హర్షిణి. ఇదే మిల్లులో గింజలేరే మద్దమ్మ కూతురు. డిప్లొమా అయి ఏడాది. ఒంటరిగా ఒప్పజెప్పిన మొదటి పని ఇదేనట. ఈరోజు మంగళవారం, శుక్రవారానికి మిల్లు తిరగాలి.

"లేవి మామ దగ్గరే సార్ నేను ఫస్టు నేర్చుకునింది," అని పొద్దున వస్తూనే సుబ్బయ్యతో చెప్పింది. "ఎరుపు, పసుపు, నీలం అని మూడు వైర్లు నా చేతిలో పెట్టి పద్యం మాదిరి చెప్పిచ్చేవాడు."

"అయితే గురువుకే పంగనామం పెట్టేకి వచ్చినావన్నమాట," అన్నాడు సుబ్బయ్య.

అందరూ నవ్వారు. లేవి కూడా నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద ఎంతసేపు ఉండాలో తెలియక, మిగతావాళ్లు మానేశాక కూడా కాసేపు ఉంచుకున్నాడు.

మధ్యాహ్నానికి కొత్త ప్యానెల్ గోడకెక్కింది. వైర్లన్నీ అతనే బిగించాడు. ప్రతి వైరు కొసకూ నంబరు తొడుగు వేసి, రాగి లగ్గు నొక్కి, స్క్రూ తిప్పాడు. అతని వెనకే హర్షిణి ఒక్కో వైరునూ రెండు వేళ్లతో పట్టుకుని చిన్నగా లాగి చూసింది. అట్లా లాగి చూడాలని ఎనిమిదేళ్ల పిల్లకు చెప్పిందీ అతనే. ఇరవై ఏడో వైరు దగ్గర ఆమె ఆగింది.

"ఇది కొంచెం లూజు మామా."

అతను స్క్రూ ఇంకో అర చుట్టు తిప్పాడు. ఆ అర చుట్టు సాయంత్రందాకా మణికట్టులో తిరుగుతూనే ఉంది.

మోటార్ల ఫ్యూజులు తీసి పెట్టి, ముందు ఉత్త రిలేలతో పరీక్ష మొదలుపెట్టింది హర్షిణి. తెర మీద ఒక గడిని తాకితే లోపల ఆ మోటారుకు కరెంటు కలిపే రిలే టక్కుమంటుంది, దాని మీద చీమ తలకాయంత ఎర్ర దీపం వెలుగుతుంది. మోటారు మాత్రం కదలదు. కాయలను డబ్బాలతో పైకి మోసే ఎలివేటర్ గడిని తాకింది. టక్. అప్పుడే కరెంటు పోయింది.

షెడ్డు అవతల గింజలేరుతున్న ఆడవాళ్లు నలుగురూ చేటలు కింద పెట్టి లేచి నిలబడ్డారు. మద్దమ్మ అప్పటికే చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంది.

"యాటికే పోతాండారు? మిల్లు తిరిగితే కదా గుంత నిండేది!" అని ఎవరో అరిచారు. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని పడీ పడీ నవ్వుతూ కూర్చున్నారు.

అది ఆ మిల్లు అలవాటు. కరెంటు పోతే ఎలివేటర్ ఆగి, దాని కింది గుంతలో కాయలు కుప్ప పడతాయి. ఎత్తిపోయకపోతే మళ్లీ తిప్పినప్పుడు బెల్టు జారిపోతుంది. అందుకని కరెంటు పోయిన మరుక్షణం మద్దమ్మ గుంతలోకి దిగి, ఎలివేటర్ డబ్బాల మధ్య చేతులు పెట్టి కాయలు తోడి బుట్టలకెత్తుతుంది. ఎవరూ ఆమెను దిగమని చెప్పనక్కర్లేదు. కరెంటు వచ్చినా ఏదీ దానంతట అది తిరగదు. లేవి వచ్చి బటన్ నొక్కాలి. పద్దెనిమిదేళ్లుగా ఆమె చేతులు ఆ నమ్మకంతోనే డబ్బాల మధ్యకు పోతున్నాయి.

హర్షిణి టీ తెస్తానని బయటికి వెళ్లింది. లేవి ప్యానెల్ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. పది నిమిషాలకు కరెంటు వచ్చింది. తెర మీద ముందు కంపెనీ గుర్తు కనపడింది, ఒక గీత నెమ్మదిగా నిండింది, గళ్లు వచ్చాయి. ఆ తర్వాత, ఎవరూ ఏదీ తాకకుండానే, లోపల టక్కుమంది.

ఎలివేటర్ రిలే. ఎర్ర దీపం వెలుగుతోంది.

లేవి లేచి నిలబడ్డాడు. అర్థం కావడానికి అతనికి ఒక్క క్షణం పట్టింది, అంతే. అతని పాత ప్యానెల్‌లో బటన్ మీది నుంచి వేలు తీశాక మోటారును తిప్పుతూ ఉంచేది హోల్డింగ్ తీగ. కరెంటు పోతే ఆ పట్టు విడిపోతుంది. మళ్లీ నొక్కేదాకా చచ్చిన మోటారే. ఈ పిల్ల చేసినదానిలో ఒకసారి తాకితే ఆన్, ఇంకోసారి తాకితే ఆఫ్. కరెంటు పోయినా ఆ ఆన్ మాట దీనికి గుర్తుంటుంది. వచ్చీ రాగానే మోటారు తిప్పేస్తుంది. గుంతలో ఎవరున్నారో దానికేం తెలుసు?

అతని ఛాతీలో ఏదో తేలికైంది. భయం ఇంత తేలికగా ఉండదు. అది సంతోషమని గుర్తుపట్టాక కూడా అతను సిగ్గుపడలేదు.

చెయ్యి చాచి తెర మీది ఎలివేటర్ గడిని చూపుడువేలితో తాకాడు. ఆ గాజును అతను తాకడం అదే మొదలు. అనుకున్నదానికంటే చల్లగా ఉంది. రిలే టక్కుమని విడిపోయి, ఎర్ర దీపం ఆరిపోయింది. అతను మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

హర్షిణి రెండు గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చింది. ఒకటి అతనికిచ్చి తెర వైపు చూసింది.

"కరెంటొచ్చినాక ఏమన్నా అయిందా మామా?"

"ఏం కాలేదు పాపా," అన్నాడు లేవి. టీ నాలుక మీద చురుక్కుమంది.

*

బుధవారం కరెంటు పోలేదు. హర్షిణి ల్యాప్‌టాప్ తెరిచి తెర మీది పేజీలు దిద్దుతూ కూర్చుంది. తన పక్కన ఇంకో స్టూలు వేసింది.

"నువ్వు ఈడ కూర్చో మామా. నేను పోయినాక నడిపేది నువ్వే."

అతను కూర్చున్నాడు. చొక్కా లోపల, బనీనుకూ పొట్టకూ మధ్య ఒక డైరీ ఉంది. రెండేళ్లుగా మధ్యాహ్నం అన్నం తిన్నాక, పొట్టు గది వెనక నీడలో ఫోన్‌లో వీడియోలు చూస్తూ అతను అందులో గళ్లు గీసుకున్నాడు. ఈ మిల్లుకు తెర పెడితే ఎట్లా ఉండాలో పేజీ పేజీకి గీశాడు. పెన్సిల్‌తో గీసి, చెరిపి, మళ్లీ గీసిన చోట కాగితం పలచబడి చిల్లులు పడింది. ఒకసారి సుబ్బయ్యతో, నేను నేర్చుకుంటా సార్, అన్నాడు. సుబ్బయ్య కోప్పడలేదు. "నీ చేతికి టెస్టరే అందం లేవీ," అన్నాడు ప్రేమగా.

ఈ పొద్దు ఆ డైరీ ఆమెకు చూపించాలని తెచ్చాడా, ఆమెది తప్పని పోల్చుకోవడానికి తెచ్చాడా, అతనికే తెలియదు.

"చూడు మామా, కొత్తగా చేసేవాళ్లు చేసే తప్పు ఏందంటే, ఒకే పేజీలో అన్నీ కుక్కేస్తారు," అంటోంది హర్షిణి. "అంతా వచ్చేట్టు చిన్న చిన్న బటన్లు పెడతారు. ఆఫీసులో మౌసుతో నొక్కేటప్పుడు బాగానే ఉంటాది. ఈడికొచ్చి మన వేళ్లతో నొక్కితే పక్కది తగులుతాది. నేనూ మొదట అట్లే చేసి తిట్లు తిన్నా." ఆమె బొటనవేలిని తెరకు ఆనించి కొలత చూపింది. "ఇంతకు తగ్గకూడదు. రెండిటికీ నడుమ సందు ఉండల్ల."

అతని డైరీలో గళ్లు పెద్దవి. ప్రతి గడి పక్కనా వేలెడు ఖాళీ.

"స్టాప్ మాత్రం అన్ని పేజీల్లోనూ ఒకే మూల. మనిషి బెదిరినప్పుడు చదవడు. చెయ్యి పోతాది, అంతే."

అతను నిటారుగా కూర్చున్నాడు. అదే మాట. డైరీ నాలుగో పేజీలో దాదాపు ఇదే మాట రాసుకున్నాడు. అతని దగ్గరి నుంచి ఎవరూ ఏమీ దొంగిలించలేదు. ఆ మాట ఆమెకూ తట్టింది, లేదా ఎవరో చెప్పారు. అయినా తన ఇంట్లో వస్తువు పక్కింటి అరుగు మీద చూసినట్టుంది. డైరీ పొట్టకు గుచ్చుకుంది. చూపిస్తే ఇప్పుడు ఏమవుతుంది? భలే మామా, అంటుంది. చిన్నప్పుడు స్క్రూలు సైజు ప్రకారం ఏరి పెడితే అతను ఆమెను మెచ్చుకునేవాడే, అట్లా మెచ్చుకుంటుంది. అది మాత్రం తను తట్టుకోలేడు.

"ఇంకోటి," అంది ఆమె. "పచ్చ లైటు మనం నొక్కినందుకు వెలగకూడదు. మోటారు నిజంగా తిరిగితేనే వెలగల్ల. లేకుంటే అబద్ధం చూపిస్తాది."

"ఊఁ."

"నువ్వైతే దీంట్లో ఏం మార్చేవాడివి మామా?"

ఆమె ల్యాప్‌టాప్ మీది నుంచి చేతులు తీసేసి అతని వైపు తిరిగి అడిగింది. చూపు తిప్పకుండా అతని జవాబు కోసం చూసింది. అతను ఆ చూపులో వినయం వెతికాడు, కనిపించింది. వినయమే ఎక్కువ కోపం తెప్పించింది.

"నాకేం తెలుసు పాపా? నేను బటన్ల కాలం మనిషిని."

ఆమె కాసేపు అట్లాగే చూసి, మళ్లీ తెర వైపు తిరిగింది. లేవి తన రహస్యాన్ని నాలుక కింద మాత్రలాగా పెట్టుకున్నాడు. శుక్రవారం సుబ్బయ్య వస్తాడు, పనివాళ్లంతా ఉంటారు. కాయలు పోయకముందు, సార్ ఒకసారి మెయిన్ తీసి మళ్లీ వేద్దాం, అంటాడు. అంతే. అరిచి చెప్పనక్కర్లేదు. ఎలివేటర్ తిరుగుతుండగా మెయిన్ తీసి మళ్లీ వేస్తాడు. ఉత్త ఎలివేటర్ దానంతట అది గిర్రున తిరుగుతుంది. అందరూ అతని వైపు చూస్తారు. ఎవరికీ దెబ్బ తగలదు. ఎవరికీ దెబ్బ తగలదనే మాటను ఆ రోజు చాలాసార్లు అనుకున్నాడు.

*

గురువారం కరెంటు ఒకసారి పోయింది. అప్పుడు లేవి గుంతలో ఎలివేటర్ మోటారుకు వైర్లు బిగిస్తున్నాడు. వచ్చి చూసేసరికి కరెంటు రావడమూ, హర్షిణి తెర ముందు నిలబడి ఉండడమూ అయిపోయాయి. ఆమె ఏమీ అనలేదు. చూసి ఉండదనుకున్నాడు. రిలేలన్నీ ఆఫ్‌లో ఉన్నప్పుడే కరెంటు పోయి ఉంటుంది.

మధ్యాహ్నం ఆమె ఆడవాళ్లందరినీ పిలిచింది. తెర మీద పేర్లు తెలుగులో పెట్టాలి, మీరేమంటారో చెప్పండి, అంది.

"ఎలివేటరును డబ్బాల మిషన్ అంటాం," అంది మద్దమ్మ.

"డికార్టికేటరు?"

"ఒలిచేది."

"బ్లోయరు?"

"దాన్ని లేవన్న ముండమోపిది అంటాడు, ఊకూకెనే కాలిపోతాదని," అంది ఒకామె. షెడ్డంతా నవ్వు. హర్షిణి కూడా నవ్వి, 'పొట్టు గాలి' అని రాసింది. మద్దమ్మ కొంగుతో వేలు తుడుచుకుని, డబ్బాల మిషన్ అనే గడిని భయం భయంగా తాకింది. లోపల రిలే టక్కుమంది. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కు తీసుకుని, కూతురి ముఖం చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. లేవి పక్కకు తిరిగి, అవసరం లేని వైరు ముక్కకు తోలు ఒలిచాడు.

పొద్దు వాలాక మద్దమ్మ అతని బండి ఎక్కింది. ఇద్దరి ఇళ్లూ ఒకే దారి. హర్షిణి ఇంకో గంట పని ఉందని ఆగిపోయింది. పసుపు కొమ్ముల లారీలు రెండు వాళ్లను దాటిపోయాయి.

"అన్నా," అంది మద్దమ్మ వెనక నుంచి. "అది అంతా కరెక్టుగానే చేస్తాందా?"

"చేస్తాంది."

"నాకు శానా భయంగా ఉండాది. మొదటిసారి కదా. ఏదన్నా తప్పు చేస్తే నువ్వు చెప్పు దానికి. తిట్టినా ఏమనుకోదు. నువ్వుండావు కదా అనే నేను ధైర్యంగా ఉండా."

ముందు ఒక ఎద్దుల బండి పోతోంది. లేవి దాన్ని దాటకుండా వెనకే నెమ్మదిగా పోనిచ్చాడు. చెప్పడానికి అదే సమయం. నాలుగు మాటలు చాలు. ఆ గుంతలో చేతులు పెట్టేది ఈ ఆడమనిషే. ఆ పిల్లకు ఫోన్ చేస్తే రాత్రిలోగా సరిదిద్దుతుంది. కానీ అప్పుడు శుక్రవారం ఏముంటుంది? సుబ్బయ్య వస్తాడు, చూస్తాడు, భలే చేసినావమ్మా అంటాడు. తన నాలుగు మాటలూ ఆమె పనిలో కలిసిపోతాయి, ఇసుకలో నీళ్లలాగా.

"రేపు చూద్దాం లే," అన్నాడు.

మద్దమ్మ ఇంటి మలుపు దగ్గర దిగి, "పోయొస్తా అన్నా" అని చెప్పి నాలుగడుగులు వేసి, వెనక్కు తిరిగి, "నీకు నేను రుణపడి ఉండా అన్నా," అంది.

*

శుక్రవారం సుబ్బయ్య తల్లి సిద్దమ్మ పళ్లెంతో వచ్చింది. రాహుకాలం పదిన్నరకు, ఆలోపే తిప్పాలని సుబ్బయ్య తొందర. లేవి ఎప్పటిలాగే పూజకు రెండడుగుల అవతల, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సిద్దమ్మ వేలు కుంకుమలో అద్ది సరిగ్గా తెర నడుమ బొట్టు పెట్టింది. తెర వెంటనే వేరే పేజీలోకి మారింది. ముసలామె ఉలిక్కిపడింది.

"అవ్వా, దాన్ని తాకితే పలుకుతాది," అంది హర్షిణి నవ్వు ఆపుకుంటూ. కుంకుమ తుడిచి, ఇనుప అంచు మీద తెల్ల టేపు ముక్క అంటించింది. "ప్రతి శుక్రారం బొట్టు ఈడ పెట్టు."

"దేవుడికే జాగా చూపిస్తాంది చూడు, మద్దమ్మ బిడ్డ!" అన్నాడు సుబ్బయ్య, గర్వంగా.

లేవి తన వాక్యాన్ని గొంతులోకి తెచ్చుకున్నాడు. సార్, ఒకసారి మెయిన్... అంతలో సుబ్బయ్య, "లేవీ, ఆ బెల్టు గార్డు బోల్టులు బిగిచ్చినావా?" అన్నాడు. రెండు బిగించలేదు. వెళ్లి బిగించి వచ్చేసరికి కాయల మూటలు విప్పి గుంతలో పోసేశారు. హర్షిణి ఒక్కొక్కటీ తాకుతోంది. జల్లెడ తిరిగింది. పొట్టు గాలి. ఒలిచేది. చివరికి డబ్బాల మిషన్. ఒక్కో గడీ పచ్చబడుతోంది. షెడ్డు నిండా పాత రొద లేచింది. అవతలి కొసన గింజలు ఎర్రగా జారడం మొదలైంది.

ఇప్పుడు చెప్పొచ్చు, అనుకున్నాడు లేవి. ఆపమని చెప్పి, మెయిన్ తీసి. కానీ సుబ్బయ్య తెరను ఫోన్‌లో ఫోటో తీసుకుంటున్నాడు. ఇంకొంచెం ఆగితే? సుబ్బయ్య సంతోషం ఇంకొంచెం నిండితే, అది ఒలికినప్పుడు... లేవి ఆ ఆలోచనను చివరిదాకా పోనివ్వలేదు, ఆపనూ లేదు. ఇంకో ఐదు నిమిషాలు, అనుకున్నాడు.

మూడో నిమిషంలో కరెంటు పోయింది.

రొద దిగిపోయింది. ఆ నిశ్శబ్దంలో చేట ఒకటి కింద పెట్టిన చప్పుడు వినిపించింది. లేవి హర్షిణి వైపు చూశాడు. ముందు ఆమె వైపే చూశాడు. ఆమె ముఖంలో ఏముందోనని ఒక క్షణం, బహుశా రెండు క్షణాలు, వెతికాడు. ఆ తర్వాతే గుంత వైపు తిరిగాడు. మద్దమ్మ తల గుంత అంచు కిందికి దిగిపోతోంది. డబ్బాల మధ్య కాయలు తోడుతున్న గరగర.

అతను పరుగెత్తాడు. షెడ్డు ఆ చివర గోడకున్న మెయిన్ స్విచ్ పిడిని రెండు చేతులతో పట్టి కిందికి లాగాడు. లాగి, వదలకుండా అట్లాగే పట్టుకున్నాడు.

కాసేపటికి వేరే మీటరు మీదున్న ఆఫీసు గదిలో ఫ్యాను తిరిగింది. షెడ్డులో మాత్రం దీపాలు వెలగలేదు.

"ఏమప్పా, మనకొక్కరికే రాలేదా?" అంటూ సుబ్బయ్య వచ్చాడు. లేవిని చూసి ఆగాడు. "మెయిన్ యాల తీసినావు?"

"గుంతలో మద్దమ్మ ఉండాది సార్."

"ఉంటే? మన మిల్లులో ఎప్పుడన్నా దానంతట అది తిరిగిందా?"

"పాతదైతే తిరగదు సార్. ఇది తిరుగుతాది."

"తిరగదు మామా," అంది హర్షిణి. ఆమె ప్యానెల్ దగ్గరే నిలబడి ఉంది. "మెయిన్ వెయ్యి. ఏం కాదు."

"తిరుగుతాది!" అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "నువ్వు చూడలేదు పాపా. నేను చూసినా. మంగళారం కరెంటు రాంగానే, ఎవురూ తాకకుండానే రిలే పట్టుకునింది. నా కండ్లతో చూసి నేనే..."

అక్కడ ఆగిపోయాడు. కానీ వాక్యం ఆగలేదు. విన్నవాళ్ల ముఖాల్లో మిగతాది పూర్తయింది. ఆడవాళ్లు చేటలు పట్టుకుని నిలబడ్డారు. గుంతలో గరగర ఆగింది.

"మంగళారం తిరిగేది మామా," అంది హర్షిణి మెల్లగా. "ఆ సాయంత్రమే మార్చేసినా. నీ కాగితంలో హోల్డింగ్ ఎట్ల గీసినావో అట్లనే పెట్టినా. నిన్న కరెంటు పోతే మళ్లా చూసుకున్నా." ఆమె అతని దగ్గరికి రాలేదు. "టీ తెచ్చేటప్పుడు వాకిట్లోనే ఉండా. రిలే పట్టుకునేదీ వినపడింది, నువ్వు తీసేసిందీ వినపడింది. అందుకే అడిగినా కదా మామా నిన్ను."

లేవి చేతులు ఇంకా పిడి మీదే ఉన్నాయి. వాటిని ఎప్పుడు తీయాలో తెలియలేదు.

గుంత అంచు మీద మద్దమ్మ తల కనిపించింది. జుట్టు నిండా పొట్టు. ఆమె ఒక చేత్తో అంచు పట్టుకుని, అతన్ని చూసింది.

"మంగళారమా అన్నా?"

అతను తల ఊపాడో లేదో అతనికే తెలియదు.

"నిన్న బండి మీద..." అంది మద్దమ్మ. మిగతాది అనలేదు. మళ్లీ కిందికి వంగి, మిగిలిన కాయలు తోడసాగింది. పని సగంలో వదిలే అలవాటు ఆమెకు లేదు.

"సరే సరే, ఎవురికీ ఏం కాలేదు కదా," అన్నాడు సుబ్బయ్య. అతనికి సగమే అర్థమైంది, ఆ సగం నచ్చింది. "ఏమన్నా అను, లేవి ఉంటే ధైర్యం. అనుమానం రాంగానే పోయి మెయిన్ తీసినాడు చూడు. అమ్మా, ఆ స్క్రీను పాస్‌వర్డ్ ఇతనికే ఇయ్యి. ఇంక దీనికి పెద్ద ఇతనే." లేవి భుజం మీద రెండుసార్లు తట్టాడు.

రెండేళ్లుగా లేవి ఈ చెయ్యి కోసమే ఎదురుచూశాడు. తట్టిన చోట చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుంది.

"ఇస్తా సార్," అంది హర్షిణి. "కానీ ఇంకొక పని ఉండాది. నేను మర్చిపోయినా. మా అమ్మ దిగే గుంత, నేనే మర్చిపోయినా. కరెంటొచ్చినాక ఎవురు పడితే వాళ్లు స్క్రీను తాకి తిప్పేకి లేకుండా చెయ్యల్ల. గుంత దగ్గర ఒక బటన్ పెడతాం. దిగినోళ్లు పైకొచ్చి దాన్ని నొక్కితేనే ఈడ స్క్రీను పని చేస్తాది." తర్వాత లేవి వైపు చూడకుండానే, "బటన్ ఉండాదా మామా?" అంది.

ఉంది. గోడకు ఆనించిన పాత తలుపు నుంచి అతను పచ్చ బటన్ ఒకటి విప్పాడు. అతని బొటనవేలు ఆనీ ఆనీ దాని నడుమ రంగు పోయి తెల్లబడింది. తలుపు లోపల కాగితం లేదు, అతికించిన మరక మాత్రమే ఉంది. వైరు కలపడానికి కొత్త ప్యానెల్ తెరిచినప్పుడు అది అక్కడ కనిపించింది. చిట్లిన అంచులకు టేపు వేసి, కొత్త తలుపు లోపలివైపు అంటించి ఉంది. హోల్డింగ్ తీగ చుట్టూ పెన్సిల్‌తో చిన్న సున్నా. కింద ఎర్ర పెన్ను రాత అట్లాగే ఉంది.

అతను గుంత పక్క స్తంభానికి పైపు కట్టి, వైరు దూర్చి, నంబరు తొడుగులు వేసి, లగ్గులు నొక్కాడు. ప్రతి వైరునూ తనే లాగి చూసుకున్నాడు. వెనక ఎవరూ నిలబడలేదు. ఆ పని అయ్యేసరికి రెండు గంటలైంది. అప్పటిదాకా హర్షిణి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తన వంతు పూర్తిచేసింది. ఇద్దరూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. ఏ నంబరు? నలభై ఒకటి. సరే.

పరీక్షకు అతను మెయిన్ తీసి, మద్దమ్మ మళ్లీ గుంతలోకి దిగాక వేశాడు. వచ్చి తెర ముందు నిలబడ్డాడు. గుర్తు కనపడింది, గీత నిండింది, గళ్లు వచ్చాయి. అన్నీ బూడిద రంగులో ఉన్నాయి. పైన ఒకే వరుస: 'గుంత దగ్గర బటన్ నొక్కాలి.'

హర్షిణి పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది. పాస్‌వర్డ్ అప్పటికే చీటీ మీద రాసి ఇచ్చింది. చీటీ చొక్కా లోపల, డైరీ పక్కన ఉంది. లేవి చూపుడువేలిని జల్లెడ గడి మీదికి తెచ్చి, తాకకుండా నిలిపాడు.

స్తంభం దగ్గర మద్దమ్మ గుంతలోంచి పైకొచ్చింది. జుట్టు విప్పి పొట్టు దులుపుకుని, మళ్లీ ముడి వేసుకుంది. చెంబెత్తి నీళ్లు పుక్కిలించి, బయటికి పోయి ఊసి వచ్చింది. తర్వాత గుంత అంచున వంగి లోపలికి చూసింది, దిగింది తనొక్కతే అయినా. ఒక మూల, ఇంకో మూల, డబ్బాల వరుస పైనుంచి కిందిదాకా. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు.

లేవి చెయ్యి గాల్లో నొప్పి పుట్టింది. దించలేదు. మద్దమ్మ నిటారుగా లేచి, పచ్చ బటన్ ముందు నిలబడి, షెడ్డు ఈ చివరనున్న అతన్ని చూసింది.

ఆమె ఇంకా నొక్కలేదు.